వంతెనకు ముందు ఇరవై అయిదు నిమిషాలు

మా పక్క వాటా బాబాయి పోయారన్న సంగతి నాకు టాటా పక్క గమ్హరియాలో, ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో ఉండగా తెలిసింది. ఫోన్ చేసింది పిన్ని. ఏడవలేదు. "మీ బాబాయి లేవట్లేదే. ఆరుకి లేచే మనిషి, ఏడైపోనాది," అంది. ఆ మనిషి గంట ఆలస్యం అయ్యారంటే ఇక లేవరని మా ఇద్దరికీ తెలుసు. నేను పొద్దుటి షిఫ్ట్ వేరేవాళ్ళకి అప్పజెప్పి బర్మామైన్స్‌లో ఇంటికి చేరేసరికి, ఆయనతో రైలింజన్లు నడిపిన పాత స్నేహితులు నలుగురు అప్పటికే వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. రైల్వేవాళ్ళు చావుకి కూడా టైముకే వస్తారు.

బాబాయంటే వరస కలిపి పిలవడమే, చుట్టరికం లేదు. ఆయనదీ మా నాన్నదీ శ్రీకాకుళం వైపే. ఒకే ఇల్లు, రెండు వాటాలు, మధ్యలో ఇటిక మందం గోడ. గోడ ఇటు మా అమ్మ మూడేళ్ళుగా మంచం మీద ఉంది, కుడి పక్క పడిపోయింది. గోడ అటు ఆయనా పిన్నీ. ఆయన రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆలస్యం అంటే ఆయనకి మహా చిరాకు. పెళ్ళి భోజనం పన్నెండుకి అని కార్డులో వేస్తే పన్నెండుకి వెళ్ళి కూర్చునేవారు. అప్పటికి వంటవాడు ఉల్లిపాయలు తరుగుతూ ఉండేవాడు. "కార్డు మీద ఏసింది ఎవుడు, నేనా?" అని వాళ్ళనే కోప్పడి, ఖాళీ విస్తరి ముందు కదలకుండా కూర్చునేవారు. నేను ఆయన్ని చూసి చాలాసార్లు నవ్వుకున్నాను. ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

ఆయనకి తీరని కోరిక ఒకటుంది. డ్రైవరు రిటైరయ్యే రోజు, చివరి బండిని తనే తెచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబెడితే, తోటివాళ్ళు ఇంజను ఎక్కి మెడలో దండ వేస్తారు, డప్పులు కొడతారు, పెళ్ళాన్ని కూడా ఇంజను ఎక్కించి ఫోటో తీస్తారు. బాబాయికి అది దక్కలేదు. రిటైర్మెంటుకి మూడు నెలల ముందు కళ్ళ పరీక్షలో తప్పారు. బండి దింపేసి ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. ఆ మూడు నెలలూ కాగితాలు కుట్టి ఇంటికొచ్చేశారు. దండ వేశారు గానీ, అది కుర్చీలో కూర్చోబెట్టి వేసిన దండ.

మా ఫ్యాక్టరీలో తీసేస్తున్న పాత కంప్యూటరొకటి, మనవల ఫోటోలు చూసుకుంటారని నేనే తెచ్చి ఇచ్చాను. ఆయన ఫోటోలు రెండు రోజులు చూశారు. మూడో రోజు రైలు నడిపే ఆట ఉంటుందట గదా అని అడిగారు. ఆటలో టాటా నుంచి రూర్కెలా దాకా లైను ఎవరో ఓపికున్నవాళ్ళు తయారుచేసి పెట్టి ఉన్నారు. స్టేషన్లు, గేట్లు, గూడ్స్ షెడ్లు అన్నీ ఉన్నాయి. అది చూసిన రోజు ఆయన స్టేషన్లన్నీ పేరుపేరునా వేలితో చూపించారు. తరవాత, "చివరి బండి ఇందులో తెత్తానే తల్లీ," అన్నారు. నేను ముసలాయన ముచ్చట అనుకున్నాను. కాదని తరవాత తెలిసింది.

ఆట అనకూడదు ఆయన ముందు. డ్యూటీ. అన్నం తిని, మొహం కడుక్కుని, చొక్కా ప్యాంటులో దోపుకుని, సరిగ్గా రెండుంబావుకి బండి తీసేవారు. ఆయన ఒకప్పుడు నడిపిన ప్యాసింజరుకి టైముపట్టిక అదే. ఎడమ పక్క స్టూలు మీద పిన్ని కూర్చోవాలి. ఇంజనులో డ్రైవరుకి తోడు ఒక అసిస్టెంటు ఉంటాడు. సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు గట్టిగా చెప్పాలి, డ్రైవరు చూసి అదే మాట తిరిగి చెప్పాలి. "సిగ్నలు ఒక్క నోరు చెప్తే అనుమానం, రెండు నోళ్ళు చెప్తేనే నిజం," అనేవారు. పిన్ని చేతిలో బియ్యం పళ్ళెం పెట్టుకుని రాళ్ళేరుతూ, మధ్యలో తలెత్తి "పచ్చ!" అనేది. ఆయన కుడిచెయ్యి లేపి "పచ్చ!" అనేవారు. "రెండు పసుపు!" "రెండు పసుపు!" గోడ ఇవతల మా అమ్మకి అదొక కాలక్షేపం. ఎరుపు పడితే అమ్మ కూడా నా వంక చూసేది.

ఇబ్బంది ఏమిటంటే ఆట మాటిమాటికీ ఆగిపోయేది. ఒకసారి అరగంటకి, ఒకసారి గంటకి, తెర నల్లబడిపోయేది. పాత గ్రాఫిక్స్ కార్డుకి అంత దృశ్యం మోసే శక్తి లేదు, వేడెక్కి చేతులెత్తేస్తోంది. నేను చేసేదే చేశాను. ఆకులు, నీడలు, దూరపు కొండలు తగ్గించేశాను. ఆట నిలబడింది. బాబాయి పావుగంట నడిపి బ్రేకు వేసేశారు.

"ఏటే, సిగ్నలు మసగ్గా అగుపడతంది. పసుపో ఎరుపో తెల్దు."

"దగ్గరికెళ్తే కనబడుతుంది కదా బాబాయ్."

"దగ్గిరికెల్తే అప్పుడు చూసేటి లాభం? సిగ్నలగుపడకుండా బండి నడిపితే మరి నన్ను దింపేసినోళ్ళది రైటే గదా," అన్నారు.

మర్నాడే సాక్చి బజారులో పాత సామాన్ల షాపు నుంచి ఇంకో గ్రాఫిక్స్ కార్డు పట్టుకొచ్చాను. కొత్తది కాదు గానీ బలమైనది. ఆదివారం పొద్దున కేబినెట్ విప్పాను. లోపల దూది పరుపంత దుమ్ము. నేను స్క్రూలు నేల మీద పెడుతుంటే ఆయన వంటింట్లోకి వెళ్ళి స్టీలు పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టారు. "ఇంజను ఇప్పినప్పుడు నట్టు నేల మీద ఎట్టకూడదు. నేల తినేత్తాది." అప్పటినుంచి ఫ్యాక్టరీలో కూడా నేను పళ్ళెమే వాడుతున్నాను. పాత కార్డు పీకి, కొత్తది గాడిలో దిగేదాకా నొక్కి, వైరు తగిలించి, దాని సాఫ్ట్‌వేరు ఎక్కించాను. ఆకులు, నీడలు, కొండలు అన్నీ తిరిగి పెట్టేశాను. ఆయన తెరకి మొహం ఆనించినంత పని చేశారు.

"ఓలమ్మ! పచ్చ ఎంత పచ్చగుందే!"

"ముసలోడికి కొత్త కళ్ళొచ్చినాయి," అంది పిన్ని.

నాలుగు రోజులు కాలేదు, ఆయన గోడ మీద తట్టి పిలిచారు. మళ్ళీ ఆగిపోతోందట. ఈసారి ఎక్కడపడితే అక్కడ కాదు. ప్రతిరోజూ ఒకటే చోట, నది మీద పెద్ద వంతెన ఎక్కగానే. మొదటి గర్డరు, రెండో గర్డరు, నలుపు. కంప్యూటరే ఆరిపోతోంది.

ఆయన దగ్గర ఒక గళ్ళ నోటుపుస్తకం ఉండేది. బండి ఆగిన ప్రతిసారీ ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎంత వేగంలో, ఏం వినిపించింది, అన్నీ రాసేవారు. "బండి ఆగడం తప్పు గాదే. ఎందుకాగిందో రాయకపోతే తప్పు," అనేవారు. ఆ పుస్తకం నా చేతిలో పెట్టబోతే నేను, "అక్కర్లేదు బాబాయ్, కంప్యూటరే అన్నీ రాసుకుంటుంది, అది చూస్తా," అన్నాను. ఇరవై ఏళ్ళ సర్వీసు నాది. గళ్ళ పుస్తకం చూసి రిపేరు చేస్తానా?

మూడు వారాలు ఆ వంతెనతో కుస్తీ పట్టాను. రాత్రి నేను సరిచేసి పెట్టేదాన్ని, మర్నాడు ఆయన నడిపి చూసేవారు. లైను ఫైళ్ళు తీసేసి మళ్ళీ ఎక్కించాను. ఆట మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాను. కార్డు సాఫ్ట్‌వేరు పాతది వేశాను, కొత్తది వేశాను. పవర్ సప్లై మార్చాలా అని ఒకసారి అనుమానం వచ్చింది. గంటన్నర చక్కగా నడిచిన కంప్యూటరుకి సరిగ్గా వంతెన మీద కరెంటు తక్కువవడం ఏమిటి, వంతెన బొమ్మలోనే ఏదో తప్పుంది అనుకుని వదిలేశాను. ఆయన మాత్రం రోజూ రెండుంబావుకి బండి తీయడం, మూడూ నలభైకి వంతెన ఎక్కడం, తెర నల్లబడడం. కళ్ళ మందు చుక్కలు అప్పటికే రెండు రకాలయ్యాయి. "రూర్కెలా దాకా ఒక్కపాలి," అన్నారు ఒకరోజు, నన్ను కాదు, తెరని చూస్తూ.

చివరికి తెర మీద బొమ్మలు మారే వేగానికి ఒక హద్దు పెట్టి, కార్డు మీద బరువు తగ్గించాను. మర్నాడు పిన్ని గోడ తట్టింది. వెళ్ళి చూస్తే బండి రూర్కెలా ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. బాబాయి మెడలో బంతిపూల దండ. పిన్నే గుచ్చి వేసింది. స్టూలు ఆయన కుర్చీకి ఆనించి కూర్చుని, "ఇంజనెక్కినాను, ఫోటో తియ్యి," అంది. తీశాను. ఫోటోలో ఆయన నవ్వలేదు, బ్రేకు మీద చెయ్యి అలాగే ఉంది.

తెర మీద అంకెలు చూసి నేను ఊరుకోలేకపోయాను. "బాబాయ్! ఇరవై అయిదు నిమిషాలు లేటు! నువ్వేనా?"

"లైను క్లియరు దొరకలేదే," అన్నారు, ముందు దారి ఖాళీ లేదన్నట్టు. "అయినా చాల్లే, ఇదంతా నీ చలవే తల్లీ." నా చేతిలో రెండు లడ్డూలు పెట్టారు. నేను ఆ రెండూ తిని, వంతెన సమస్య ఎలా తీర్చానో ఫ్యాక్టరీలో వారం రోజులు చెప్పుకున్నాను.

ఆ తరవాత ఆయన రోజూ రూర్కెలా వెళ్ళొచ్చారు, పోయే ముందు రోజు దాకా. రోజూ ఇరవై అయిదు నిమిషాలు లేటే. నేను గమనించిందల్లా ఒకటే. సాయంత్రం మా నీళ్ళ మోటారు ఆపి మెట్లు దిగుతుంటే గోడ అవతల పిన్ని "పచ్చ!" అనేది, ఆయన "పచ్చ!" అనేవారు. రోజూ అదే సమయానికి. అంత టైముకి నడిపే మనిషి గదా అనుకున్నాను.

పదకొండో రోజు అయ్యాక పిన్ని ఆ గళ్ళ పుస్తకం తెచ్చి ఇచ్చింది. "కంప్యూటరు నువ్వు తెచ్చిందే గదా, దీని కాగితాలు కూడా నీవే," అంది. ఈసారి చదివాను. వంతెన, మూడూ నలభై, పైన ఫ్యాను నెమ్మదించింది. వంతెన, మూడూ నలభై, ఫ్యాను నెమ్మదించింది, ట్యూబులైటు కొట్టుకుంది. రోజు రోజుకీ అదే. తరవాత ఒకచోట: "ఈ రోజు బండి కావాలని పది నిమిషాలు ముందు తీశాను. వంతెన బాగానే దాటింది. దాటాక మూడూ నలభైకే ఆగింది. తప్పు వంతెనది కాదు." దాని కింద: "పక్కింటి మోటారు."

మా వాటాకి కుళాయి నీళ్ళు రోజూ మూడూ నలభైకి వస్తాయి, ఇరవై అయిదు నిమిషాలు వస్తాయి. ఆ కాసేపట్లో మోటారు వేసి పై ట్యాంకు నింపుకోకపోతే అమ్మ పక్కబట్టలు ఉతకడానికి చుక్క ఉండదు. రెండు వాటాలకీ కరెంటు తీగ ఒకటే. మోటారు లాగితే అటు వోల్టేజి పడిపోతుంది, కొత్త కార్డుతో బరువెక్కిన పాత కంప్యూటరు, ఆటలో బండి పరుగు మీద ఉంటే తట్టుకోలేదు. మూడు వారాలు నేను ఆ ఇంట్లో పరిష్కారం వెతికాను. తప్పు మా ఇంట్లో ఉంది, నా చేతి కింద స్విచ్చులో ఉంది. ప్రతిరోజూ నిమిషం తేడా లేకుండా నడిపే మనిషి కాబట్టి నాకు చోటు ఒక్కటే కనబడింది, వేళ కనబడలేదు.

ఆ కింద ఆఖరి పేజీ దాకా రోజూ ఒకటే వరస: "వంతెన ముందు స్టేషనులో నిలుపుదల, 25 నిమిషాలు. నిలబడి ఉంటే కంప్యూటరు ఆగదు. కారణం: పక్కింట్లో నీళ్ళు పడుతున్నారు."

పుస్తకం పట్టుకుని పిన్ని దగ్గరికి వెళ్ళాను. "నీకు తెలుసా?"

"తెలకేటి. నేను చెప్పేత్తానంటే ఒద్దన్నారు. మంచమ్మీద మనిషున్న ఇల్లు, నీళ్ళాపమని ఎలాగడుగుతామే అన్నారు. మీ మోటారు చప్పుడాగితే మాకు లైను క్లియరు. అప్పుడు నేను పచ్చ అనాల." "నీ మందు పన్జేసిందని నువ్వేమో మురిసిపోతన్నావు," అంది. పిన్ని నవ్వింది. నాకు ముందు సిగ్గేసింది. తరవాత ఏడుపొచ్చింది. ఆలస్యం అంటే అంత చిరాకు పడే మనిషి, తన చివరి బండిని మా నీళ్ళ కోసం రోజూ లేటు చేసుకున్నారు, లేటని నేను ఎగతాళి చేస్తే లడ్డూ పెట్టారు.

నిన్న మూడూ నలభైకి మోటారు స్విచ్చు దగ్గర నిలబడి వెయ్యలేకపోయాను. గోడ అవతలి నుంచి పిన్ని అరిచింది. "ఏటే, మోటారెయ్యలేదా? నీళ్ళెలిపోతాయి!" వేశాను. ట్యాంకు నిండింది. నాలుగూ అయిదుకి ఆపాను. అవతల కంప్యూటరు కట్టేసే ఉంది, ఆయన పోయిన రోజు నుంచి ఎవరూ ముట్టుకోలేదు.

"పచ్చ," అంది పిన్ని.

మంచం మీద నుంచి అమ్మ నా వంక చూసింది. నేను గోడ దగ్గరికి వెళ్ళి, అవతలికి వినబడేలా, "పచ్చ," అన్నాను.