అప్పలరాజు ఫిల్మ్ మీది నల్ల గీత

1997 వేసవిలో నేను విశాఖపట్నంలోని ఒక పరిశోధన కేంద్రంలో, జీవరసాయన విభాగంలో సీనియర్ శాస్త్రవేత్తను. నాకు అప్పగించిన పని పీకేఆర్ అనే ప్రొటీన్. మన కణాల్లో అది కాపలాదారు. వైరస్ చొరబడినప్పుడు కనిపించే జంట పోగుల ఆర్‌ఎన్‌ఏని పసిగట్టి, తనకు తానే ఫాస్ఫేట్ తగిలించుకుని మేల్కొంటుంది. ఆపైన కణంలో ప్రొటీన్ల తయారీని నిలిపేస్తుంది.

కణాలకు వైరస్ హెచ్చరికగా పనిచేసే ఇంటర్‌ఫెరాన్ ఇస్తే ఈ ప్రొటీన్ పెరుగుతుంది. ఆ కణాలను పగలగొట్టి తీసిన ద్రవంలో ఆర్‌ఎన్‌ఏ, ఫాస్ఫేట్ అందించే రేడియోధార్మిక ఏటీపీ కలిపి, ప్రొటీన్లు విడిపోయేలా కరెంటుతో జెల్ మీద నడిపి, ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టేవాళ్లం. పీకేఆర్ మేల్కొంటే ఫిల్మ్ మీద నల్ల గీత పడుతుంది. దాన్నే బ్యాండ్ అంటాం. ఎనిమిది నెలలుగా నా ఫిల్మ్ ఖాళీ. గీత రానప్పుడల్లా ఆర్‌ఎన్‌ఏ ఇంకాస్త పెంచాను.

పక్క బల్ల మీద అప్పలరాజుకు మొదటి నెలలోనే బ్యాండ్ వచ్చింది. యారాడలో సముద్రం మీద వేటకెళ్లే ఇంటి నుంచి వచ్చిన రీసెర్చ్ స్కాలర్. సెమినార్‌లో ఇంగ్లిష్‌కి తడుముకునేవాడు. డైరెక్టర్ అతని ఫిల్మ్‌ని కిటికీ వెలుగుకు పట్టుకుని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల సర్వీసు నాది, పేరు వీడిదా?

అతని థీసిస్ అంతా ఆ బ్యాండ్ మీదే నిలబడి ఉంది. అది తెలిసే, ఆ గీత పీకేఆర్‌ది కాదని, వేరే ఎంజైమ్ కలిసిపోయి వచ్చిందని డైరెక్టర్‌కు నోట్ పెట్టాను. రుజువు నా దగ్గర లేదు. ఆయన అప్పలరాజును అందరి ముందూ మళ్లీ చేసి చూపించమన్నారు, రాకపోతే థీసిస్ ఆపేస్తామన్నారు. ప్రయోగంలో వాడే కణాల ద్రవం నాదై ఉండాలని నేను షరతు పెట్టాను. అందులో ఏమీ రాదని నాకు గట్టి నమ్మకం.

అప్పలరాజు ఒప్పుకున్నాడు. మూడో రోజు ఫిల్మ్ కడిగి తెచ్చాడు. నా ద్రవంలోనే బ్యాండ్, బొగ్గుతో గీసినట్టుంది. పీకేఆర్‌ని మాత్రమే పట్టే యాంటీబాడీతో ఆ ప్రొటీన్‌ని విడిగా లాగి చూపించినా అదే గీత.

అందరూ వెళ్లాక నా బల్ల దగ్గరికొచ్చాడు.

"సార్, మీరు ఆర్‌ఎన్‌ఏ ఎక్కువేసెత్తన్నారండి. ఎక్కువైతే అది లెగదు. నాను అందులో వందో వంతే ఏత్తన్నాను."

నిజమే. ఒకే ఆర్‌ఎన్‌ఏ మీద రెండు పీకేఆర్‌లు పక్కపక్కన చేరితేనే ఒకదాన్నొకటి లేపుతాయి. ఆర్‌ఎన్‌ఏ మరీ ఎక్కువైతే దేని ఆర్‌ఎన్‌ఏ చాప మీద అది ఒంటరిగా పడుకుంటుంది. ఎన్నాళ్లుగా తెలుసని అడిగాను. మొదటి నెల నుంచీ తెలుసన్నాడు.

"రెండుసార్లు సెబుదామనొచ్చాను సార్. మీరు తలెత్తి సూళ్లేదు."

నోట్ వెనక్కి తీసుకున్నాను. అతని థీసిస్ సకాలంలో వెళ్లింది. తర్వాతి వారం వందో వంతు ఆర్‌ఎన్‌ఏతో నాకూ బ్యాండ్ వచ్చింది, సంతోషం మాత్రం రాలేదు. ఆపై సర్వీసంతా ఎవరి ఫలితం చూసి కడుపు మండినా, ముందు వెళ్లి ఎలా చేశారని అడిగాను. మంట తగ్గలేదు. పని నడిచింది.