పొద్దు చాలని కోళ్లు

కోళ్లతో నాకు ఎప్పుడూ పడేది కాదు. ఎవరో పెళ్లికని కుట్టమని ఇచ్చిన పట్టు జాకెట్టు గుడ్డ మీదికెక్కి ఒక పెట్ట చేసిన నిర్వాకాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ గుడ్డను మూడుసార్లు నీళ్లలో జాడించి, ఆరేసి, ఇస్త్రీ చేసి, ఏమీ ఎరగనట్టు కుట్టి ఇచ్చాను. అలాంటి నేను ఇవాళ కోళ్లకు రుణపడి ఉన్నానని రాస్తున్నానంటే, ఆ చలికాలం మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి.

కోళ్లు మా అత్తగారివి. అయిదు పెట్టలు, ఒక పుంజు. ఆ ఏడు కార్తీకం వస్తుండగా ఆవిడ పెరట్లో నాచు మీద కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "రోజూ వాకర్ పట్టుకుని నడిపించండమ్మా. మంచానికి అలవాటు పడ్డారంటే ఇక లేవరు" అన్నారు. ఆ మాట నర్సీపట్నంలో మా ఇంటికి వచ్చేదాకా నా చెవుల్లోనే ఉంది. మా ఆయన యలమంచిలిలో పనిచేస్తారు, పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టాకే రావడం. కాబట్టి నడిపించే పూచీ నాదే.

మొదట్లో బాగానే నడిచారు. నిద్ర లేస్తూనే ఆవిడ అడిగే మొదటి మాట, "ఏటే, పెట్టిందా?" అని. నేను గూట్లో చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా ఉన్న గుడ్డు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేదాన్ని. అది చెంపకు ఆనించుకుని, ఏ పెట్టదో చెప్పేసి, ఆ హుషారులోనే వాకర్ అందుకుని వంటింటి గుమ్మం దాకా నడిచి వచ్చేవారు.

మార్గశిరం వచ్చింది. లంబసింగి వైపు నుంచి చలి దిగింది. ఒక వారంలో అయిదు పెట్టలూ ఒకదాని వెనక ఒకటి గుడ్లు మానేశాయి.

"పెట్టిందా?"

"లేదత్తా."

నాలుగు రోజులు ఇదే వరస. అయిదో రోజు ఆవిడ వాకర్‌ను కాలితో అవతలకు తోసి, "ఆటి పనీ అయిపోనాది, నా పనీ అయిపోనాది. ఇంక ఒగ్గీయే నన్ను" అన్నారు. బతిమాలాను, కోప్పడ్డాను, డాక్టరుగారితో చెప్తానని బెదిరించాను. ఆవిడ కళ్లు మూసుకున్నారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు జ్వరం వస్తే రాత్రీ పగలూ పక్కన కూర్చున్న మనిషి ఆవిడ. నాకు కుట్టు నేర్పించమని మామగారితో పోట్లాడి మిషను కొనిపించిందీ ఆవిడే. అలాంటి మనిషి నా కళ్ల ముందే మంచానికి అతుక్కుపోతుంటే, నా చేతిలో ఉన్నది గుడ్డు పెట్టని కోళ్లు మాత్రమే.

అందుకని కోళ్ల మీద పడ్డాను. చోళ్లు వేశాను, ఉలవలు నానబెట్టి వేశాను. పాయకరావుపేట వెళ్లినవాళ్ల చేత ఎండురొయ్యల పొట్టు తెప్పించి నూకల్లో కలిపాను. శుభ్రంగా తిన్నాయి, బలిశాయి, గుడ్డు మాత్రం పెట్టలేదు.

చలి తగలకుండా కూడా ఎంతో జాగ్రత్త పడ్డాను. మంచు పడితే కోళ్లకు కొక్కెర తెగులు వస్తుందని మా వీధిలో అందరూ అనే మాటే. కిందటి చలికాలం రెండిళ్ల అవతల వాళ్ల కోళ్లన్నీ మెడలు వాల్చేసి ఒక్కటీ మిగలకుండా పోయాయి. అత్తగారి కోళ్లు నా చేతిలో పోతే ఇంకేమైనా ఉందా. అందుకని బడిపిల్లలు ఇళ్లకు వచ్చే వేళకే వాటిని పట్టి, గూట్లోకి పోనివ్వకుండా పెద్ద వెదురు గంప కింద మూసేసేదాన్ని. గంప మీద రెండు గోనెసంచులు కప్పేదాన్ని. మర్నాడు మంచు పూర్తిగా విడిపోయి, ఎండ నూతి గట్టు ఎక్కేదాకా గంప ఎత్తేదాన్ని కాదు. కోళ్లకు అంత సేవ చేసిన కోడలు ఈ ఊళ్లో ఉండదని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

చివరికి ఒక తప్పుడు పని చేశాను. సంతలో నాటు గుడ్లు కొనుక్కొచ్చి, పొద్దున్న ఒకటి పట్టుకెళ్లి, "ఇదిగో అత్తా, పెట్టింది" అని ఆవిడ చేతిలో పెట్టాను. చల్లగా ఉంటే పట్టుబడతానని ముందే వేడినీళ్లలో ముంచాను కూడా. ఆవిడ చెంపకు ఆనించుకోలేదు. నావైపు చూశారు.

"పెట్ట అరవలేదు కదే. అరవకుండా గుడ్డెలాగొచ్చింది?"

తిట్టినా బాగుండేది. గుడ్డు నా చేతికిచ్చేసి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ రోజంతా నేను మిషను తొక్కుతూనే ఏడ్చాను. కుట్టిన కుట్టు విప్పుకోవలసి వచ్చింది.

ఆ మర్నాడు కొయ్యూరు నుంచి అడ్డాకులావిడ వచ్చింది. విస్తళ్ల ఆకులు, కొండచీపుళ్లు తెచ్చి అమ్మే మనిషి. వారానికోసారి మా అరుగు మీద మూట దించి, నీళ్లు తాగి, అత్తగారితో కబుర్లు చెప్పి వెళ్లడం ఏళ్లుగా అలవాటు. ఆవేళ అత్తగారు పలకలేదు. అడ్డాకులావిడ నావైపు తిరిగి ఏమైందని అడిగితే, నేను మొత్తం చెప్పి కోళ్లు చూద్దువుగాని రమ్మని పెరట్లోకి తీసుకెళ్లాను. అప్పటికి ఎనిమిది దాటింది. గంప ఇంకా మూసే ఉంది.

"ఇంకా ఎత్తలేదేటమ్మా?"

"మంచు కదా. కొక్కెరొచ్చేస్తుందని."

ఆవిడ నవ్వింది. "మీ మంచెంత, మా కొండ మీద మంచెంత? మా కోళ్లు సెట్టెక్కి తొంగుంటాయి. కొక్కెర మంచుకి రాదమ్మా. పశువులాసుపత్రికెళ్లి సుక్కలేయించు, అదీ మందు." వంగి గోనెసంచులు తీసి అవతల పారేసింది. గంప ఎత్తింది. "పెట్టకి తిండొక్కటే సాలదు, ఎలుగుండాల. సీతాకాలం పొద్దే సిన్నది. అందులో సగం నువ్వే మింగీసినావు."

సిగ్గుతో నా తల వాలిపోయింది. కప్పినకొద్దీ మంచిదనుకున్నాను. నేను కప్పింది వాటి పొద్దునే. ఆవేళ ఆవిడకు అన్నం పెట్టి పంపాను, అంతకన్నా ఇవ్వడానికి నాకేమీ తోచలేదు. ఇప్పటికీ వారం వారం ఆవిడ మూట దించే చప్పుడు వినగానే మిషను ఆపి లేస్తాను.

ఆ రోజే కోళ్లకు చుక్కలు వేయించాను. మర్నాటి నుంచి గంప మానేసి, వెలుగు రేకలు విచ్చుకుంటూనే గూడు తలుపు తీయడం, సాయంత్రం వాటంతటవి గూడు చేరేదాకా వదిలేయడం మొదలుపెట్టాను. పొద్దు ఇంకా కాస్త పెంచుదామని, తెల్లవారుజామున గూట్లో బల్బు వెలిగించే ఏర్పాటు చేయమన్నాను మా ఆయనతో. పెరటికి దగ్గరగా ప్లగ్గు ఉన్నది అత్తగారి గదిలోనే. వైరు ఆ కిటికీలోంచి అక్కడిదాకే సరిపోయింది. స్విచ్చు మంచానికి చెయ్యిచాపు దూరంలో లేదు. లేచి కూర్చుని, కాళ్లు కింద పెట్టి, రెండడుగులు వేస్తేనే అందుతుంది. నేను తెలివిగా ఆలోచించి చేయించానని ఇరుగుపొరుగువాళ్లు ఇప్పటికీ అనుకుంటారు. నిజానికి నా తెలివి ఏమీ లేదు, వైరు పొట్టిది.

"నాకంత పెందలాడే మెలకువ రాదత్తా. కోళ్లు మీవి, మీరే వెయ్యాలి" అన్నాను.

మర్నాడు నేను లేచి పెరటి తలుపు తీసేసరికి గూట్లో పచ్చటి వెలుగు ఉంది. నేను చప్పుడు చేయకుండా మళ్లీ వెళ్లి పడుకున్నాను. సంతోషంతో నిద్ర పట్టలేదు.

రెండు మూడు వారాలు గడిచాయి. పాలిపోయిన కోళ్ల తురాయిలు మెల్లగా ఎర్రబడ్డాయి. అత్తగారు గోడ పట్టుకుని స్విచ్చు దాకా వెళ్లి రావడం తప్ప వాకర్ జోలికి వెళ్లలేదు. నేనూ అడగలేదు, అడిగితే అదీ మానేస్తారని భయం.

ఒకరోజు పదకొండు గంటల వేళ ముందు వసారాలో జాకెట్లు కుడుతున్నాను. దారం తెగి మిషను ఆపితే పెరట్లోంచి పెట్ట అరుపు వినపడింది. దానికి పుంజు వంత పాడుతోంది. ఎంతసేపటి నుంచి అరుస్తోందో, మిషను చప్పుడులో నాకు తెలియలేదు. లేచి పరుగెత్తాను. అత్తగారి మంచం ఖాళీగా ఉంది. వాకర్ లేదు. పెరట్లోకి దిగే మెట్టు గుర్తొచ్చి నా ప్రాణం పోయినంత పనైంది.

పెరట్లో ఆవిడ లేరు. వంటింట్లో ఉన్నారు. వాకర్ పక్కన పెట్టి, పొయ్యి గట్టు పట్టుకుని నిలబడ్డారు. పొయ్యి మీద చిన్న గిన్నెలో గుడ్డు ఉడుకుతోంది.

"మిమ్మల్ని ఎవరు దిగమన్నారు? మళ్లీ పడితే?" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అరిసింది కదే" అన్నారు ఆవిడ, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆవిడకు తినాలని బుద్ధి పుట్టింది, అంతే చాలనుకున్నాను. ఆవిడ గుడ్డు ఒలిచి, రెండుగా కోసి, ఉప్పూ మిరియాల పొడీ చల్లి, పళ్లెం నావైపు జరిపారు.

"కూకో. తిను."

"నాకెందుకత్తా, బలం కావాల్సింది మీకు."

"నాకు ఇన్నాళ్లూ ముద్ద సేతికందిస్తన్నావు. నువ్వేమో నిలబడి నాలుగు మెతుకులు మింగీసి ఎల్లిపోతన్నావు. మంచం మీదున్నోళ్లకి ఆపాటి కనపడదేటి? సిక్కిపోనావే. కూకో."

నేను కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు. ఇన్నాళ్లూ నేనే ఆవిడను కనిపెట్టుకుని ఉన్నాననుకున్నాను.

రెండు ముక్కలూ తిన్నాను. నేను తినడం అయ్యేదాకా ఆవిడ కూర్చోలేదు, గట్టు పట్టుకుని నిలబడే ఉన్నారు.