మల్లయ్య దాచిన గిలకల విల్లు

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు, ఎండకాలం. పాలమూరు దిక్కు కృష్ణ ఒడ్డు చేన్లల్ల నేను ఫారెస్టు వాచర్‌గ చేస్తుండె. వాచర్ అంటే తుపాకి పట్టుకున్న పోలీసు గాదు. చేతిల కట్టె, సంకకు నీళ్ల సీస. బీట్ అని కొంత జాగా మనకు అప్పజెప్తరు. దాంట్ల తిరుగుడు, ఏం కనవడ్డా పైకి చెప్పుడు, గంతే పని. అక్షరాలు నాకు నడీడు దాటినంక మా కోడలు నేర్పింది. నా రాతల సోకులుండయ్. జరిగింది జరిగినట్టు రాస్త.

ఆ చేన్లల్ల జింకలు మందలు మందలుగ తిరుగుతయ్. మొలకలు మేస్తయని రైతులు తిడుతరు గాని ముట్టరు. ముడితె జైలని, బెయిలు జల్ది దొరకదని అందరికి ఎరికే.

ఒకనాడు పొద్దుగాల పరుపురాళ్ల మీద నెత్తురు సుక్కలు కనవడ్డయ్. ఎంబడి పోయిన. నెత్తురు పోయి పోయి గొర్ల మల్లయ్య మంద కాడ ఆగింది. ముళ్లకంప పక్కన మగజింక సచ్చి పడున్నది. పక్కటెముకలల్ల నల్ల పుల్ల ఒకటి దిగి ఉన్నది. ముట్టి సూస్తె వెదురు గాదు, ఇనుము గాదు. కొసకు రంగు రంగుల ప్లాస్టిక్ రెక్కలు. టీవీ యాంటెన్నా పుల్ల విరిగి గుచ్చుకుందా ఏంది అనుకున్న. సెక్షన్ ఆఫీసరుకు ఫోన్ గొట్టిన. ఆయన నల్లగొండ పిలగాడు, కొత్తగ వచ్చిండు. వచ్చి సూసి "బాణం, ఎంకటయ్యా" అన్నడు. చెంచోళ్ల బాణాలు నేను మస్తు సూసిన. గిసొంటిది పుట్టినంక సూడలే.

మల్లయ్య గుడిసె ఎతికినం. ఉన్ని మూటల ఎనక నల్ల సంచి దొరికింది. అండ్ల విల్లు. విల్లని సార్ చెప్తె నమ్మిన. రెండు కొసలకు బాయి గిలకల తీరు చిన్న చక్రాలు, వాటి మీదికెళ్లి అడ్డం నిలువు తాళ్లు. దీన్ని కాంపౌండ్ బో అంటరట. పట్నంల గురి పందాలకు వాడుతరట.

మల్లయ్య నాకు వరుసకు బావ. గొర్లు దప్ప లోకం ఎరుగడు.

"ఎవరిది బావా ఇది?"

"నాది గాదు."

"అదెరికే. ఎవరిది?"

"చెప్ప. దాచిపెట్టుమన్నడు, పెట్టిన. పేరు చెప్పనని పొట్టేలు నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన."

"జింకను నువ్వు గొట్టినవా?"

"నేనెందుకు గొడుత?"

"మరి వాడు గొట్టిండా?"

"నాకేమెరిక? నేను సూసిన్నా?"

సార్‌కు కోపమొచ్చింది. "జింక నీ మంద కాడ, విల్లు నీ గుడిసెల. పేరు చెప్పకపోతె కేసు నీ మీదనే అయితది."

మల్లయ్య పెండ్లాం నర్సమ్మ చేతులు తిప్పుకుంట వచ్చింది. "నోరు తెరువు ముసలోడా! ఈడ గడ్డి అయిపాయె. మందను ఏటి దిక్కు తోలాలె. నువ్వు జైల్ల కూసుంటే నేనొక్కదాన్ని తోలుతనా? నీ పొట్టేలొచ్చి నీకు బెయిలిస్తదా?"

మల్లయ్య నేల దిక్కు సూసిండు. గొర్లోళ్లకు మంద మీద ఒట్టంటే సార్ తీరు అలకగ తీసుకునే ముచ్చట గాదు. తప్పితె మంద రోగమొచ్చి పడిపోతదని వాళ్ల నమ్మకం. జైలుకు పోయినా గొర్లు బతుకుతయ్ గదా అని ఆయన హిసాబు.

సార్ విల్లు మల్లయ్య చేతికిచ్చి గుంజుమన్నడు. సగం దాక గుంజి, ఇగ రాక ఇడిసిపెట్టిండు. నా పాణం జర నిమ్మలమైంది. ముసలోనితోని కాదన్నట్టే గదా! "నాటకమేమో. నువ్వు గుంజు" అని నాకిచ్చిండు సార్. గుంజిన. మొదలు ఎద్దును గుంజినట్టున్నది. సగం దాటినంక ఒక్కపారే తేలికైంది, బుగులుపడ్డ. ఆ గిలకల మహిమే అదట, నిండ గుంజినంక బరువు అవే మోస్తయట. అంటే పట్టు దొరికితె మల్లయ్య సుత గుంజుతడా? బావ సంపిండా, సంపలేదా? సంపితె కోసుకోక కంప పక్కన ఎందుకు పడేస్తడు?  

సచ్చిన జింకను కోసి సూసేటందుకు పశువుల డాక్టరును తేను జీపు పోయింది. సార్, నేను, మల్లయ్య యాపచెట్టు కింద కూసున్నం. ఉక్కపోతకు సార్ కాకీ అంగి ఇడిసి కొమ్మకు తగిలేసి, బనీను మీద మంచంల ఒరిగిండు. విల్లును సంచిల పెట్టి, ఎండకు పాడైతదని దాని మీద గొంగడి కప్పినం.

పగటీలి బువ్వ యాళ్లకు మోటరు సైకిలు మీద ఒకడొచ్చిండు. ముప్పై ఏండ్లుంటయ్, మంచి ఒడ్డు పొడుగు. బండి ఆపకుంటనే "తాతా, నా సామానేది?" అన్నడు.

మల్లయ్య మా దిక్కు సూడలే. లేసిండు, గొంగడి తీసిండు, సంచి వాని చేతుల పెట్టిండు. "సూస్కో. ఏం తక్కువ గాలే."

వాడు జిప్పు తీసి, తాడు ఏలుతోని మీటి, చక్రాలు రెండు తిప్పి సూసుకున్నడు, పసిపిల్లను నిమిరినట్టు. మమ్ముల సూసి గొర్లు కొనొచ్చినోళ్లని అనుకున్నడేమో. "తాతా, నిన్న నాదొక బాణం పోయింది. చాన పిరం అది. ఇటేమన్న దొరికిందా?"

సార్ మంచంలకెళ్లి లేవకుంటనే అన్నడు: "దొరికింది తమ్మీ. మా దగ్గరున్నది."

వాని మొకం సున్నమేసినట్టైంది. నేను బండి తాళం గుంజుకున్న. వాని ఫోన్ల అదే విల్లు, అవే చేన్లు, అవే జింకల ఫోటోలు. ముందటి దినం గొట్టిన జింక బాణంతోనే ఉరికి తప్పిపోయిందట. అప్పుడు రోడ్డు మీద బండ్లు తనిఖీ చేస్తుంటె, భయపడి మల్లయ్యకు అప్పజెప్పి పోయిండట. డాక్టరును తోలుకొని జీపు వచ్చినంక విల్లు, వాడు, జింక, అన్నీ జీపెక్కినయ్. మల్లయ్య గొర్ల కాడనే ఉన్నడు.

జీపు పోయినంక అడిగిన. "బావా, వాన్ని పట్టియ్యాల్ననే ఇచ్చినవా?"

"దాచుమన్న వాని అమానతు వాడు అడిగె. ఇయ్యకుంట ఎట్ల?"

"సార్ ఉన్నడని ఎరికే గదా నీకు?"

"ఉన్నడు. అయితే?" పొట్టేలు దిక్కు సూసుకుంట మెల్లగ అడిగిండు. "నేను పేరైతె చెప్పలే గదా?"

"చెప్పలే."

"మరి ఒట్టు ఉన్నట్టా, పోయినట్టా?"

తర్వాత సార్‌నడిగితె నవ్విండు. నర్సమ్మనడిగితె చీపురు సూపెట్టింది. నాకు ఇప్పటికీ తెల్వదు.

ఆ కేసుల నేను నేర్చుకున్నది ఒక్కటే. పొద్దంత మేము ఎవరిది, ఎవరిచ్చిండ్రు అని మొత్తుకున్నం. ఎవరికియ్యాలె, ఎప్పుడొస్తడు అని అడిగితె మల్లయ్య సక్కగ చెప్పునేమో. ఒట్టు పేరు మీదనే ఉండె గాని వచ్చే యాళ్ల మీద లేకుండె. అప్పట్నుంచి సామానుతోని దొరికిన మనిషిని గట్లనే అడుగుత. కొన్నిపార్లు జవాబొస్తది. రాకపోతె ఆ మనిషి పక్కన్నే నీడకు కూసుంట, సామాను కోసం ఎవడొస్తడో సూసుకుంట.