తలమీద పోయాల్సిన నీళ్ళు

మేము కొండమీదికి చేరేసరికి మధ్యాహ్నమైంది. అస్సాం దాటి బర్మా వైపు పోయే బాటకి ఎగువన ఉంది ఆ కొండ. మ్యాపులో దానికి పేరు లేదు, నంబరే ఉంది. ఎర్రమట్టి, ఎండిన వెదురు, మోకాలెత్తు గడ్డి. మార్చి నెల. వానలకి ఇంకా చాలా రోజులున్నాయి. ఒక్కొక్కరి వీపుమీద రైఫిలు, కంబళి, పలుగో పారో. నడుముకి ఒక నీళ్ళసీసా. నాకు అదనంగా టెలిఫోను పెట్టె, తీగచుట్ట. తీగలు వేయడం, తెగితే కలపడం నా పని.

మాకంటే ముందు అక్కడున్న దళంవాళ్ళ గోతి దగ్గర మొదట కనబడింది ఒక బూటు. అందులో పాదం ఉంది. ముందు నడుస్తున్న హవల్దారు దాన్ని పారతో పక్కకి తీసి మట్టి కప్పాడు. నుదుట, గుండెమీద, రెండు భుజాలమీద చెయ్యి తాకించి సిలువ గుర్తు వేసుకున్నాడు. తర్వాత మావైపు తిరిగి తవ్వమన్నాడు. నేను వాంతి చేసుకుని తవ్వాను.

నాది రాజోలు పక్కన లంక గ్రామం. ఇంటిముందు కాలువ, ఇంటివెనక బోదె, ఊరు దాటితే గోదావరి. నీళ్ళకి కటకటపడడమంటే ఏమిటో ఆ కొండ ఎక్కేదాకా నాకు తెలియదు. అక్కడ మనిషికి రోజుకి ఒక్క సీసా. అదీ కంచరగాడిదల మీద కిందినుంచి రావాలి. తూర్పు వాలులో ఒక ఊట ఉండేది. అది మాకూ జపానువాళ్ళకీ సరిగ్గా మధ్యన. దానికోసం వెళ్ళినవాళ్ళు రెండు పక్షాలవాళ్ళూ దాని చుట్టూనే ఉబ్బిపోయి పడివున్నారు. గాలి అటునుంచి వీస్తే అన్నం లోపలికి పోయేది కాదు.

రెండు బంకర్లు తవ్వాం. పైదాంట్లో మెషిన్‌గన్, హవల్దారు, మరి కొందరు. కిందిదాంట్లో నేనూ, వడ్రంగీ. రెంటికీ మధ్య నేను వేసిన తీగ. ఏ శబ్దం వినబడినా పైకి చెప్పడం మా డ్యూటీ.

వడ్రంగిది ముమ్మిడివరం దగ్గర. పడవలు కట్టేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, అందుకని అన్నా అనేవాణ్ణి. సైన్యం ఇచ్చిన పనిముట్లు ఇనుపముక్కలని వెక్కిరించి, ఊరినుంచి తెచ్చుకున్న బాడిసతోనే బంకరు దుంగలు చెక్కేవాడు. నెమ్మదస్తుడు. అతని మనసులో ఉన్నది ఒకే ఒక్క కోరిక. జ్ఞానస్నానం పొంది క్రైస్తవుడు కావాలి.

భార్య పేరు అన్నమ్మ. కతోలికుల అమ్మాయి. ఇతనికి ఆ మతం పట్టేది కాదు, ఆమెని గుడికి వెళ్ళనిచ్చేవాడు, తను గుమ్మం బయటే కూర్చునేవాడు. కాన్పులో ఆమె పోయింది. పోయేముందు ఒకటే మాట అడిగిందట, నువ్వూ అక్కడికి వస్తావు కదా అని. అతను జవాబు చెప్పేలోపు ప్రాణం పోయింది. ఆ జవాబు చెప్పాలనే ఇదంతా.

హవల్దారుది గుంటూరు వైపు. తరతరాల కతోలికుడు, తండ్రి ఊళ్ళో మతపాఠాలు చెప్పే ఉపదేశి. సాయంత్రం పొద్దువాలకముందు, తుపాకులు పట్టుకుని నిలబడే వేళకి కాస్త ముందు, వడ్రంగిని కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. దేవుడు ఒక్కడే, ఆయనలో వ్యక్తులు ముగ్గురు. మనిషి జన్మపాపంతో పుడతాడు, జ్ఞానస్నానం దాన్ని కడుగుతుంది. బడిపంతులు కూడా అంత కఠినంగా ఉండడు. ఒకసారి వడ్రంగి, ఒకే పడవకి చుక్కాని, తెరచాప, గెడ ఉన్నట్టేనా అండీ ముగ్గురూ, అని అడిగాడు. నాకు బాగానే ఉందనిపించింది. హవల్దారు తల అడ్డంగా ఊపాడు. అవి ముక్కలు, దేవుడికి ముక్కల్లేవు, ఇంకా నేర్చుకో అన్నాడు. నెల తిరిగేసరికి ఫాదరీ స్వాములవారు వస్తారు, అప్పటికి తయారైతే ఆయనే ఇస్తారు అన్నాడు.

మొదటి ఫిరంగి దెబ్బకే హవల్దారు కళ్ళద్దాలు పగిలిపోయాయి. వడ్రంగికి అక్షరం రాదు. దాంతో హవల్దారు దగ్గరున్న, యేసు చరిత్ర చెప్పే సువిశేషాల పుస్తకం చదివే పని నామీద పడింది. నేను దేవుణ్ణి పట్టించుకునే మనిషిని కాను. కానీ వేరే పుస్తకం లేదు, పేకముక్కలు కూడా లేవు. చదువుతూ వెటకారం చేసేవాణ్ణి. కాయల కాలం కానప్పుడు అంజూరపు చెట్టు కాయలేదని యేసు శపించిన చోటు వచ్చింది. మా ఊళ్ళో ఎవడైనా కొబ్బరిచెట్టుని అలా తిడితే రైతు కర్ర తీస్తాడండీ అన్నాను.

హవల్దారుకి కోపం రాలేదు.

"ఒక్క ముక్క పీకి పట్టుకుని దేవుణ్ణి కోర్టుకి ఈడవమాక. దాని ముందేముందో, వెనకేముందో చదువు. చెట్టు పక్కనే గుడి కత ఉంది చూడు. ఆకులుండి కాయల్లేనిది ఏందో అప్పుడు తెలుస్తది. అప్పటికీ తెలవకపోతే శ్రీసభ ఏమందో అడుగు, నీ బుర్ర ఏమందో కాదు."

శ్రీసభంటే వాళ్ళ కతోలిక చర్చి. మళ్ళీ చదివాను. ఆయన చెప్పినట్టే, గుడిలోంచి బేరగాళ్ళని యేసు తరిమేసిన కథ చెట్టు కథ మధ్యలో ఉంది. వెటకారం తగ్గింది, పూర్తిగా పోలేదు. సిలువమీద ఆయన దాహమన్నప్పుడు పుల్లటి ద్రాక్షసారా అందించిన ఘట్టం చదివిన రోజున వడ్రంగి తల ఎత్తాడు. నీళ్ళడిగితే అదిచ్చేరా అన్నాడు. బాడిసకి పదును పెట్టుకుంటూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే శత్రువు మా వెనక బాట తెంచేశాడు. కంచరగాడిదలు ఆగిపోయాయి. కిందనున్న వంటవాడు మిగిలిన నీళ్ళన్నీ ఒకేసారి కాచి, పాలూ చక్కెరా లేని టీ చేసి డబ్బాల్లో పైకి పంపాడు. కాచకపోతే విరేచనాలు పట్టుకుంటాయని డాక్టరు ఆజ్ఞ. మా సీసాల్లో ఆ టీయే ఉంది. నీళ్ళు చుక్క లేవు.

తెల్లవారుతుండగా మోర్టారు గుండ్లు మొదలయ్యాయి. పై బంకరుకీ మాకూ మధ్యనున్న కందకం కూలిపోయింది. వెంటనే జపానువాళ్ళు గడ్డిలోంచి అరుస్తూ లేచారు. కాల్చాను. ముందు వరస పడింది, వెనక వరస వాళ్ళని తొక్కుకుంటూ వచ్చింది. ఒకడు మా గోతిలోకి దూకాడు. వాడి బాయొనెట్ నా జబ్బని చీరింది. వడ్రంగి బాడిస ఎత్తి వాడి మొహంమీద వేశాడు. దుంగ చీలినప్పటి చప్పుడే వచ్చింది. నా నోట్లో వాడి రక్తం పడింది. ఇంకొకడు గట్టుమీంచి గ్రెనేడు వేశాడు. నేను చచ్చినవాడి కిందికి దూరాను. వడ్రంగికి దూరడానికి చోటు లేదు.

పైనుంచి మెషిన్‌గన్ వాళ్ళని వెనక్కి తరిమింది. పొగ తేలాక చూశాను. వడ్రంగి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు, వేళ్ళ మధ్యనుంచి పేగు కనబడుతోంది. నా దగ్గరున్న కట్లన్నీ కట్టాను. చాలలేదు, కంబళి చింపి కట్టాను.

"తమ్ముడూ, గుక్కెడు పొయ్యి."

పొట్టలో తగిలినవాడికి తాగడానికి ఏమీ ఇవ్వకూడదని మాకు నేర్పారు. ఇస్తే చస్తాడు, ఇవ్వకపోతే గాయపడ్డవాళ్ళని మోసే డోలీ వచ్చేదాకా ప్రాణం నిలవచ్చు. నా సీసా వెనక్కి దాచాను. అతను చూశాడు. అంత కఠినమైన పని నేను ఆ యుద్ధంలో ఇంకొకటి చేయలేదు.

తీగ తెగలేదు. హ్యాండిల్ తిప్పి హవల్దారుకి సంగతి చెప్పాను. చీకటి పడేదాకా డోలీ రాదన్నాడు. కందకం మీద తుపాకీ గురి ఉంది, తను దిగబోతే పక్కవాడి దవడ ఎగిరిపోయిందట.

"రాజోలూ, నువ్వే ఇయ్యాల."

"ఏంటండీ?"

"జ్ఞానస్నానం. తలమీద నీళ్ళు పొయ్యి. పోసేప్పుడు నేను చెప్పే మాటలు అను."

నేను హిందువునండీ అన్నాను. ఆపదలో ఎవరైనా ఇవ్వొచ్చు, ఏ మతంవాడైనా ఫరవాలేదు, శ్రీసభ ఏ ఉద్దేశంతో చేస్తుందో ఆ ఉద్దేశం మనసులో ఉంటే చాలు అన్నాడు. సరే, టీ ఉంది, పోస్తాను అన్నాను.

"టీ పనికిరాదు. నీళ్ళే కావాల."

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. తాగడానికి లేక నాలుకలు పిడచకట్టిపోతుంటే తలమీద పోయడానికి నీళ్ళెక్కడివండీ, మీ దేవుడికి టీకీ నీళ్ళకీ తేడా అంత పట్టింపా అని అరిచాను. పెద్దవాడని కూడా చూడలేదు. ఆయన తిరిగి అరవలేదు. ఇన్నాళ్ళూ తయారు కాలేదని ఆపింది నేనేరా అన్నాడు.

వడ్రంగి అంతా విన్నాడు. ఇక దాహం మాట ఎత్తలేదు. "అన్నమ్మకి మాటియ్యలేదు తమ్ముడూ" అన్నాడు.

బాడిస తీసుకుని ఊటవైపు పాక్కుంటూ వెళ్ళాను. రైఫిలు ఉంటే పాకడం కష్టం, పేలిస్తే అందరికీ తెలుస్తుంది. శవాల మధ్యనుంచి వెళ్ళాను. వాటిమీద ఈగలు లేచి మళ్ళీ వాలాయి. ఊట దగ్గర ఒకడు బోర్లా పడుకుని ఉన్నాడు. శవమనుకున్నాను. వాడి చెయ్యి కదిలింది. సీసా నింపుకుంటున్నాడు.

జపానువాడు. నా ఈడువాడే. చప్పుడుకి తల తిప్పాడు. నేను వాడి మెడమీద వేశాను. మొదటి దెబ్బకి చావలేదు, నా మణికట్టు కొరికాడు, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రెండోసారి వేశాను. మూడోసారి వేశాను. వాడి మొహం ఊటలో పడింది, నోటినిండా నీళ్ళు. ఊటంతా ఎర్రబడిపోయింది, అందులో ముంచుకోవడానికి లేదు. పెనుగులాటలో వాడి సీసా ఒలికిపోయి అడుగున కొంచెం మిగిలింది. అది తీసుకుని వెనక్కి పాకాను. దారిలో నా బూటు మడమ తూటాకి ఎగిరిపోయింది.

మళ్ళీ హ్యాండిల్ తిప్పాను.

"ఒకణ్ణి చంపి తెచ్చేనండీ ఈ నీళ్ళు. పనికొస్తాయా?"

తీగ తెగిందేమోనని ఊదిచూశాను.

"నీళ్ళు నీళ్ళే. పొయ్యి. చంపిన సంగతి నువ్వూ నేనూ తర్వాత చూసుకుందాం."

ఏం పేరు పెట్టమంటావని అడిగాను. వడ్రంగి పెదవులు పగిలిపోయాయి, అయినా నవ్వాడు. "యోసేపు. ఆయనా వడ్రంగేగదా, మనోడే" అన్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, హవల్దారు ఒక్కొక్క మాటే చెబుతుంటే నేనూ అన్నాను. యోసేపూ, పితయొక్కయు అని కొంచెం పోశాను. సుతునియొక్కయు అని కొంచెం. పవిత్రాత్మయొక్కయు నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను అని మిగిలింది పోశాను. సీసా ఖాళీ అయింది. నాకు నమ్మకం లేదు. కానీ ఆ నిమిషంలో అది నిజం కావాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

జుట్టులోని మట్టి కడుక్కుంటూ నీళ్ళు నుదుటిమీదికి వచ్చాయి. అక్కడినుంచి ఒక చుక్క ముక్కు పక్కగా జారింది. అతని నాలుక బయటికి వచ్చింది. ఆ చుక్కని అందుకుంది. కళ్ళు మూసుకున్నాడు. డోలీ వచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది.

కందకం దాటి రాగానే హవల్దారు అడిగిన మొదటి మాట, నీళ్ళు తలమీద పారినయ్యా, తడిసి ఆగిపోయినయ్యా అని. పారితేనే అది చెల్లుతుందట. పారాయని చెప్పాను. అప్పుడు కూలబడి ఏడ్చాడు. వెదురు చీల్చి సిలువ కట్టి కొండమీదే పాతిపెట్టాం. ఆ రాత్రి ఆయన జపమాల రెండుసార్లు తిప్పాడు. ఒకటి యోసేపుకి, ఒకటి ఊట దగ్గరివాడికి. మొదటిదానికి నేనూ పక్కన కూర్చున్నాను, రెండోదానికి కూర్చోలేకపోయాను.

యుద్ధం అయిపోయాక సైన్యం నన్ను వదిలింది. నేను ముందు మా ఊరు వెళ్ళలేదు. కోటిపల్లి రేవులో పడవెక్కి ముక్తేశ్వరంలో దిగి, అక్కడినుంచి ముమ్మిడివరం వెళ్ళాను. దారంతా నీళ్ళే. కాలువలో పిల్లలు ఒకళ్ళమీద ఒకళ్ళు నీళ్ళు చిమ్ముకుంటుంటే ఊరికే కోపం వచ్చింది.

వడ్రంగి తల్లి వాకిట్లో కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతోంది. పోయినట్టు కబురు ముందే వచ్చింది కాబట్టి ఏడవలేదు. బాడిస ఆమె ముందు పెట్టాను. ఎంత తోమినా పిడి దగ్గర నలుపు పోలేదు. దాన్ని వేలితో తడిమింది. తర్వాత మన ఊళ్ళలో ఏ తల్లయినా అడిగేదే అడిగింది.

"ఆఖర్న నోట్లో నీళ్ళెవరు పోసేరు బాబూ?"

వస్తున్న దారంతా ఈ ప్రశ్నకే భయపడ్డాను. దాచడానికి మనసొప్పలేదు. నోట్లో పోయలేదమ్మా, తలమీద పోశాను అన్నాను. ఎందుకో చెప్పాను. అన్నమ్మ అడిగిన మాట, యోసేపు అన్న పేరు, టెలిఫోను, అన్నీ చెప్పాను. ఊటలోవాడి సంగతి ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఒక చుక్క జారి నాలుకమీద పడిందమ్మా అన్నాను.

ఆమె చేతిలో తాడు ఆగింది.

"పడిందా?"

"పడిందమ్మా."

"ఆయ్. అయితే పోసినట్టే బాబూ. కోడలి దగ్గరికెళ్ళేడు, అదీ మంచిదే."

లేచి లోపలికి వెళ్ళి చెంబునిండా నీళ్ళు తెచ్చింది. ఎండనపడి వచ్చేవు, తాగు అంది. అందుకున్నాను. చల్లటి నీళ్ళు, అంచుదాకా ఉన్నాయి.

యుద్ధం ఎలా ఉంటుందని మీరడుగుతుంటారు. మొహం చీలినవాడు, మణికట్టు కొరికినవాడు అప్పుడప్పుడూ కలలోకి వస్తారు, పోతారు. ఇది పోదు. ఆనాడు ఆ చెంబు ఎత్తినప్పుడూ కనబడింది, ఇవాళ పొద్దున్న గ్లాసు ఎత్తినప్పుడూ కనబడింది. మట్టిలోంచి జారుతున్న ఒక్క నీటిచుక్క. దానికోసం బయటికి వచ్చిన నాలుక.