వదినగారి కాలికి రాసిన నూనె

మా అమ్మాయి బతికింది. నిన్న కాకినాడ ఆసుపత్రి నుంచి వచ్చి, బిడ్డనెత్తుకుని తన కాళ్ళమీద తనే గుమ్మం దాటింది. ఈ ముసలి ప్రాణం గంతులేసింది. ఆ సంతోషంతోనే కాగితం తీశాను గాని, రాయవలసింది మా వదినగారి గురించి. ఆవిడ పోయి నెల అయింది.

మా అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్ళు. అప్పుడే కాపరానికొచ్చిన వదినగారే నన్ను పెంచారు. అన్నం తిన్నానంటే నమ్మేవారు కాదు. "తిన్నానని చెప్పడం కాదు మరిదిగారూ, కంచం చూపించండి" అనేవారు ఎగతాళిగా. నాకు నెత్తి నెరిసినా అదే మాట. రావులపాలెం నుంచి అరటిగెల వస్తే పెద్దకాయలు మాకు పంపి, చివరి బుడ్డకాయలు తాము ఉంచుకునేవారు.

ఈ వేసవిలో వదినగారు పెరట్లో జారిపడి తుంటి విరిగింది. రెండు నెలలు మంచం. కదిలితే ఎముక అతకదని మేమే కదలనివ్వలేదు. ఒక కాలి పిక్క వాచి, బిగిసి, మెరిసింది. మరిదిచేత కాళ్ళు పట్టించుకోవడమేమిటని ఆవిడ కాలు వెనక్కి లాక్కున్నారు. నేను వినలేదు. కొబ్బరినూనెలో కర్పూరం వేసి వెచ్చచేసి నాలుగు రోజులు గట్టిగా రుద్దాను. ఐదో రోజు పొద్దున్న రుద్దుతుండగానే "చాలు అబ్బాయ్, ఊపిరి ఆడట్లేదు" అన్నారు. గ్యాస్ అనుకుని సోడా తెప్పించాను. కారు వచ్చేలోపే అయిపోయింది. పెద్దవయసు, గుండెపోటు అన్నారందరూ.

ఆ తరవాతి వారమే మా అమ్మాయికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఇంటికొచ్చాక ఎడమ పిక్క అచ్చం అలాగే వాచింది. మా ఆవిడ నూనె వెచ్చచేసి తెచ్చింది. గిన్నె అందుకున్నాను గాని, ఆ మెరుపు చూసేసరికి కింద పెట్టేశాను. అంతలో అమ్మాయి ఆయాసపడింది. కాకినాడ తీసుకుపోయాం.

"కాలు ఎవరైనా రుద్దారేంటండి?" అన్నారు డాక్టరుగారు ముందుగా.

లేదండి అన్నాను. మంచిపని చేశారన్నారు. కాలి నరంలో గడ్డకట్టిన రక్తం గుండె దాటిపోయి ఊపిరితిత్తుల్లో అడ్డుపడుతుందట. రుద్దితే ఊడి పరుగెడుతుందట. ఏడో తరగతి చదివిన నాకు కాలవ భాషలో అర్థమైంది. తూములో గుర్రపుడెక్క కలుపు ఇరుక్కుంటే ముందున్న చేలకు నీరందదు, వెనక గట్టు ఉబ్బి తెగుతుంది. గాలి ఉన్నా రక్తం అందని ఊపిరితిత్తులు ఆ చేలు. తోసి తోసి ఉబ్బిన గుండె ఆ గట్టు. అమ్మాయికి అడ్డుపడిన ముక్క చిన్నది. పొట్టకి సూదులిస్తుంటే మెల్లగా కరిగింది.

నన్ను పెంచినావిడ కాలు చూడబట్టి నా కూతురు కాలు ముట్టుకోలేదు.

ఇక కబురు చెప్పవలసినవాళ్ళు. అమలాపురంలో మా చెల్లెలు. తణుకులో వియ్యపురాలు, ఆవిడకు కాళ్ళు పట్టించుకునే అలవాటు, వాపుంటే వద్దని కూడా చెప్పాలి. పోలవరంలో బాబాయి, చెవుడు కాబట్టి మనిషే వెళ్ళాలి. ఆఖరున మా అన్నయ్య. అమ్మాయి సంగతి ఆయనకు తెలుసు. వదినగారు ఎలా పోయారన్నదే తెలియదు. రోజూ సాయంత్రం నా చేతులు రెండూ పట్టుకుని, కన్నకొడుకు కూడా మీ వదినకి ఇంత సేవ చెయ్యలేదురా అంటాడు.