ధర్మరాజు కిటికీ

ఆదిబాబు బతుకంతా పైనుంచి కిందికి చూడటమే. కార్ఖానాలో క్రేన్ ఆపరేటరు. కింద నిలబడి సైగలు చేసే ఖలాసీ చెయ్యి ఎలా ఆడితే ఉక్కు దిమ్మ అలా కదలాలి. ఆ చూపు ఇంటికొచ్చినా ఊరుకునేది కాదు. బాగ్‌బేరా బస్తీలో వీధికి అవతల ఎవరింట ఏ కూర పొయ్యెక్కిందో అతనికి తెలియాల్సిందే.

ఎదురింటి ధర్మరాజుకు తవిటమ్మను కుదిర్చింది అతనే. "నీ గుంట నా పూచీ" అని టెక్కలిలో వాళ్ల నాన్న చేతిలో చెయ్యేశాడు. అలాంటిది, ఈ మధ్య సాయంత్రం కాగానే ఆ ఇంటి తలుపు మూసుకుంటోంది. కిటికీలో ధర్మరాజు ఒక్కడే. పిల్ల జాడ లేదు.

ఆవేళ ధర్మరాజు అరచెయ్యి కిందికి తిప్పి మెల్లగా వేళ్లు ఆడించాడు. ఆదిబాబు తన కిటికీ దగ్గర్నుంచే లోపలికి కేకేశాడు.

"సింహాచలం! ఆడు దించమంతన్నాడే!"

"ఏటి దించమంతన్నాడు?" అంది భార్య.

"తెల్దు. బరువైందే. మెల్లగా, మెల్లగా అంతన్నాడు. తాడు కూడా ఉంది. గుంటేదీ?"

"ఎల్లి సూడవయ్యా! కిటికీ కాడ కూకుని కతలు సెప్తావేటి!"

లుంగీ ఎగగట్టి, ఒంటి చెప్పుతో వీధి దాటాడు. తలుపుకు భుజమిచ్చాడు. గడియ ఊడింది.

"నా గుంటనేటి సేసావురా?"

"పెదనాన్నా, నానిక్కడ!"

గొంతు పైనుంచి. కిటికీకి అందనంత ఎత్తున అటక మీద తవిటమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతిలో తాడు, తాడు దూలం మీదుగా, చివర నిండు బకెట్టు.

"రేపు ఈయనకి కార్ఖానాలో ఖలాసీ సిగ్నల్ పరీచ్చ. సుక్క ఒలక్కుండా దించడం నేర్తన్నాం. నీకు తెలిత్తే బస్తీ అంతా దండోరా ఏత్తావని తలుపేసుకున్నాం."

ఆదిబాబు నేల మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. పిల్ల నిక్షేపంలా ఉంది, అంతే చాలు. సర్వీసంతా అందరి నెత్తిమీద క్రేన్‌లో కూర్చున్న మనిషికే పైకి చూడాలని తోచనే లేదు.

"అయితే రోజూ మా కిటికీలోకి సూత్తన్నావన్నమాట!" అంది తవిటమ్మ.

ఆదిబాబు నవ్వు టక్కున ఆగింది. "సర్లే, దిగమ్మీ. ఆపరేటర్ని, నాను నేర్పకుండా ఆడికెలా వత్తాది?"

అటకెక్కి తాడు అందుకున్నాడు. "మణికట్టు ఆడాలిరా, ఏళ్లు కాదు. ఆఁ, అదీ!" బకెట్టు తొణక్కుండా దిగుతోంది.

అంతలో సింహాచలమ్మ గుండెలు బాదుకుంటూ లోపలికొచ్చింది. "ఓలమ్మో, మా ఆయనేడీ?"

ధర్మరాజు కంగారుగా ఆమె వైపు తిరిగాడు. ఆపమని చెయ్యి ఎత్తలేదు. బకెట్టు పద్ధతిగా దిగి ఆమె నెత్తిన ఒరిగింది.

"ఇప్పుడు తెలిసిందేటిరా," అంది అటక మీంచి ఆదిబాబు గొంతు, "రేపు ఏటి మరిసిపోకూడదో?"