సముద్రానికి వీపు తిప్పని మనిషి

బెంగళూరు మారతహళ్ళి రూములో మాకందరికీ అతను అన్న. బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో లేతు మిషను నడిపేవాడు. ఆ వేసవంతా సెలవు దొరికితే చాలు, స్నేహితులం బస్సెక్కి మంగళూరు పోయి ఒడ్డు రాళ్ళ మీద నిలబడి గాలాలు వేసేవాళ్ళం. ఎర గుచ్చేటప్పుడు కూడా అన్న సముద్రానికి వీపు తిప్పేవాడు కాదు. "దాన్ని చూస్తానే ఉండాలప్పా" అనేవాడు.

ఒకరోజు నేను ఎర డబ్బా కోసం వెనక్కి తిరిగాను. అల నన్ను రాళ్ళకేసి కొట్టి లోపలికి ఈడ్చుకుపోయింది. అన్న దూకాడు. ప్రాణభయంతో నేను అతని మెడ పట్టుకుని ముంచేస్తుంటే, పట్టు వదిలేదాకా నా మూతి మీద పిడికిలితో గుద్దాడు. ఒడ్డున పడేశాక కూడా ఆగలేదు. "మీ అమ్మకేం చెప్పాలప్పా నేను?" అని ఏడుస్తూ కొడుతూనే ఉన్నాడు. స్నేహితులు అతన్ని పట్టి లాగాల్సి వచ్చింది.

వారం తిరక్కుండా అమ్మ హిందూపురం నుంచి వచ్చింది. ఊడిన పన్ను, పెదవి మీద కుట్లు చూసి, ఎవరు కొట్టారని అడిగింది.

"నేనే కొట్టినానమ్మా" అన్నాడు అన్న. సముద్రం మాటే ఎత్తలేదు.

అమ్మ అతని చెంప పగలగొట్టింది. వాచిన నోటితో నేను జరిగిందంతా చెప్పేసరికి ఆమె అతని చెంప నిమరబోయింది.

"ఒడ్డుకొచ్చినాక కూడా కొట్టినాను కదమ్మా" అన్నాడు అన్న. "దానికి సరిపోయిందిలే."